గోడ మీది కత్తి

పెనుకొండ కొండకు దగ్గరలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ముగ్గురు ఉంటారు. అత్త, కొడుకు, కోడలు.

కోడలి పుట్టిల్లు ధర్మవరం. పుట్టింట్లో పట్టుచీరలు నేస్తారు. కోడలు పది దాకా చదువుకుంది. అత్త చిన్నప్పుడు బడికి పోలేదు. ఈ మధ్యనే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. కూలి లెక్క రాసుకుంటుంది.

అత్త పెనిమిటి నాటకాలు ఆడేవాడు. రారాజు వేషం కట్టేవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే చుట్టుపక్కల పల్లెల జనం కదలకుండా కూర్చునేవాళ్ళు. ఒకసారి హిందూపురంలో నాటకాల పోటీ జరిగింది. ఆ పోటీలో ఆయనకు ఒక కత్తి బహుమానంగా ఇచ్చారు. అది యుద్ధం చేసే కత్తి కాదు. అలంకారానికి చేసిన కత్తి. దానికి పదును లేదు. తళతళ మెరిసేది.

ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. కత్తి మాత్రం గోడకు వేలాడుతూనే ఉంది.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. వేరుశనగ చేలో కలుపు ఏపుగా పెరిగింది. ఇంట్లో ఉన్న తొలికలు రెండూ అరిగిపోయాయి. కత్తిపీట అలుగు కూడా విరిగింది. చేతిలో ఉన్న డబ్బంతా విత్తనాలకే సరిపోయింది.

కొడుకు గోడ వైపు చూశాడు. "ఇంత ఇనుము ఊరికే వేలాడతాండాదే!" అనుకున్నాడు.

కొడుకు చేసిన పొరపాటు

అత్త చేనికి పోయింది. కొడుకు కత్తిని కిందికి దించాడు. ఇనుము కోసే రంపం తెచ్చాడు. కత్తి మొన దగ్గర కోయడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు కోశాడు. కత్తి మీద చిన్న గీత పడింది. రంపం పళ్ళు మాత్రం అరిగిపోయాయి.

"ఇది మెత్తబడాల" అనుకున్నాడు. వంట పొయ్యిలో కట్టెలు బాగా ఎగదోశాడు. కత్తి మొనను మంటలో పెట్టాడు. గొట్టంతో ఊదాడు. మొన ఎర్రగా అయింది. వెంటనే తీసి నీళ్ళ తొట్టిలో ముంచాడు. చుయ్యిమని పొగలు వచ్చాయి.

"నీళ్ళలో ముంచితే మెత్తబడతాది" అని అతని నమ్మకం. బియ్యం నీళ్ళలో నానితే మెత్తబడతాయి కదా! పప్పు నానితే మెత్తబడుతుంది కదా! ఇనుము కూడా అంతేనని అనుకున్నాడు.

కత్తిని బండ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఠక్కుమని మొన విరిగింది. ఒక చిన్న ముక్క ఎగిరి అతని చెంపకు తగిలింది. కంటికి ఒక వేలెడు కింద! రక్తం కారింది.

కోడలు కేక వేసింది. పరుగున వచ్చి శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అదిమి పట్టింది. ఇద్దరూ ఆస్పత్రికి పోయారు. కట్టు కట్టించుకుని వచ్చారు. ధనుర్వాతం రాకుండా సూది కూడా వేయించుకున్నారు.

సాయంత్రం అత్త ఇంటికి వచ్చింది. కొడుకు చెంప చూసింది. విరిగిన కత్తిని చూసింది. చాలాసేపు మాట్లాడలేదు.

"వేలెడు పైకి తగిలింటే కన్ను పోయేది కదరా!" అంది చివరికి.

కొడుకు తల వంచుకున్నాడు.

అత్త విరిగిన కత్తిని ఒడిలో పెట్టుకుంది. చెంగుతో తుడిచింది. ఒక చోట తుప్పు పట్టి ఉంది.

"గోడకు వేలాడదీసినా తుప్పు తింటానే ఉండాది. పనికి వచ్చేటిదైతే పనికే రానీ. కానీ తెలిసినోళ్ళ చేత చేయిద్దాం" అంది.

కమ్మరి అవ్వ

ఊరి చివర కమ్మరి అవ్వ ఇల్లు ఉంది. అవ్వ పెనిమిటి కమ్మరి పని చేసేవాడు. ఆయన పక్కన అవ్వ 40 ఏళ్ళు కొలిమి ఊదింది. ఎర్రటి ఇనుము మీద సమ్మెట దెబ్బలు వేసింది. కానీ ఎవరూ ఆమెను కమ్మరి అనలేదు. "కమ్మరాయన పెండ్లాం" అన్నారు.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైంది. అవ్వ కొడుకు ఆ వైపు పనికి పోతాడు. ఇప్పుడు కొలిమిని అవ్వే చూసుకుంటోంది.

అత్త, కోడలు కత్తి తీసుకుని అవ్వ దగ్గరికి పోయారు. జరిగిందంతా చెప్పారు.

అవ్వ విరిగిన చోటును వెలుతురులో చూసింది.

"మెత్తబడాలని నీళ్ళలో ముంచినాడా? ఇనుము బియ్యం కాదు తల్లీ! ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాయి మాదిరి గట్టిపడతాది. గాజు మాదిరి విరుగుతాది. మెత్తబడాలంటే నిదానంగా చల్లారాల" అంది.

"ఎంత నిదానంగా అవ్వా?" అని కోడలు అడిగింది.

"ఒక రాత్రంతా" అంది అవ్వ.

ముందు పరీక్ష

అవ్వ వెంటనే కొలిమి వెలిగించలేదు. ముందు కత్తిని పరీక్ష చేసింది.

మొదటి పరీక్ష ఆకురాయితో. ఆకురాయిని కత్తి మీద రుద్దింది. మెత్తని ఇనుమైతే ఆకురాయి కరుస్తుంది. పొడి రాలుతుంది. ఈ కత్తి మీద ఆకురాయి జారిపోయింది. "ఇది గట్టి ఉక్కు" అంది అవ్వ.

నాటకాల్లో వాడే కత్తులు కొన్ని పలచని రేకుతో చేస్తారు. అవి చేత్తో వంచితే వంగుతాయి. వాటిని కాల్చే పనే లేదు. రేకు కత్తెరతోనే కోయవచ్చు.

రెండో పరీక్ష పూతను చూడడం. అలంకారం కత్తులకు మెరుపు కోసం పూత వేస్తారు. కొన్నింటికి క్రోమియం పూత ఉంటుంది. కొన్ని ఇనుప వస్తువులకు జింకు పూత ఉంటుంది. నీళ్ళ బకెట్లకు, పైకప్పు రేకులకు ఉండేది జింకు పూతే. ఇట్లాంటి పూత ఉన్నదాన్ని ఇంట్లో కాల్చకూడదు. జింకు పొగ పీలిస్తే చలి, జ్వరం వస్తాయి. కొన్ని పూతల పొగ ప్రాణానికే ముప్పు.

అవ్వ కత్తిని ఒక మూల గీకింది. పైన ఉన్నది వార్నిషు మాత్రమే. దాని కింద ఉక్కే ఉంది. అవ్వ వార్నిషునంతా ఉప్పుకాగితంతో రుద్ది తీసేసింది.

మూడో పరీక్ష ఇది స్టెయిన్‌లెస్ స్టీలా, మామూలు ఉక్కా అని. "దీనికి తుప్పు పట్టింది. కాబట్టి మామూలు ఉక్కే" అంది అవ్వ. వంటింటి గిన్నెల్లాంటి స్టీలు బూడిదలో పెట్టినా ఇట్లా మెత్తబడదు. దాని పద్ధతి వేరు.

తరువాత అవ్వ కత్తి పిడిని ఊడదీసింది. పిడి కొయ్యది. అది మంట దగ్గర ఉండకూడదు.

చెక్కిన అక్షరాలు

అవ్వ సుద్దముక్క తీసుకుంది. ఎక్కడ కోయాలో గీత గీయబోయింది. పిడికి దగ్గరలో వేలు పెట్టింది. "ఇక్కడ ఏమో గీతలు ఉండాయే" అంది.

అత్త తొంగి చూసింది. అవి గీతలు కావు. అక్షరాలు. ఉక్కు మీద చెక్కిన చిన్న అక్షరాలు. ఇన్నేళ్ళూ అవి వార్నిషు కింద, మసి కింద ఉండిపోయాయి. అత్త వాటిని ఎన్నోసార్లు తుడిచింది. పూల డిజైను అనుకుంది.

కోడలు చదవబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండు అమ్మీ. నేను చదువుతా."

అత్త కత్తిని వెలుతురుకు తిప్పింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టింది.

"మొ... ద... టి... మొదటి. బ... హు... మ... తి... బహుమతి."

కింద ఇంకో మాట ఉంది. "హిం... దూ... పు... రం. హిందూపురం."

అత్త మళ్ళీ ఒకసారి చదివింది. "మొదటి బహుమతి. హిందూపురం."

"ఆయన చెప్తాండె, నాకు మొదటిది వచ్చిందని. ఊరికే గొప్పకు చెప్తాండాడని నేను నవ్వుతాంటి" అంది అత్త. ఆమె కళ్ళు చెమర్చాయి.

అవ్వ చెంగుతో సుద్దగీత చెరిపేసింది. "ఈడ కోయొద్దు. అక్షరాలు వదిలి కోద్దాం" అంది.

కోడలు టేపు తెచ్చి కొలిచింది. కత్తి అలుగు మొదట్లో 32 అంగుళాలు ఉండేది. మొన 2 అంగుళాలు విరిగింది. ఇంకా 30 అంగుళాలు మిగిలింది. కోడలు నేల మీద లెక్క వేసింది.

అక్షరాలు ఉన్న ముక్క 6 అంగుళాలు.
కత్తిపీటకు 12 అంగుళాలు.
ఒక తొలికకు 6 అంగుళాలు.
ఇంకో తొలికకు 6 అంగుళాలు.
మొత్తం 30 అంగుళాలు.

నాలుగు ముక్కలు కావాలంటే మూడు చోట్ల కోయాలి. "మూడు కోతలు. మూడు రాత్రులు" అంది అవ్వ.

మొదటి రాత్రి

మరుసటి రోజు సాయంత్రం అవ్వ కొలిమి వెలిగించింది. అది ఆరుబయట, చెట్టు కింద ఉంది. పొగ ఇంట్లోకి పోదు. చెట్టు నీడలో ఇనుము రంగు బాగా తెలుస్తుంది. ఎండలో ఎరుపు సరిగా కనిపించదు.

అవ్వ నైలాను చీర కట్టుకోలేదు. నూలు చీర కట్టుకుంది. కొంగు నడుముకు దోపింది. కళ్ళకు అద్దాలు పెట్టుకుంది. కోడలికి కూడా అద్దాలు ఇచ్చింది. పిల్లలను దూరంగా పొమ్మంది.

బొగ్గులు రగిలాయి. కోడలు గాలి చక్రం తిప్పింది. అవ్వ పట్టకారుతో కత్తిని పట్టుకుంది. మొత్తం కత్తిని మంటలో పెట్టలేదు. కోయాల్సిన చోటునే పెట్టింది. రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే.

ఉక్కు రంగు మారింది. మొదట మసక ఎరుపు. తరువాత పండు మిరపకాయ ఎరుపు. అవ్వ దగ్గర పాత రేడియోలోని అయస్కాంతం ఉంది. దాన్ని ఒక కడ్డీ చివర కట్టింది. దాన్ని ఎర్రటి ఉక్కుకు ఒక్క క్షణం ఆనించి తీసింది. అయస్కాంతం అంటుకోలేదు!

కోడలు ఆశ్చర్యపోయింది. "ఇందాక అంటుకున్నింది కదా అవ్వా?"

"బాగా కాలితే అంటుకోదు. అదే గుర్తు" అంది అవ్వ.

ఇది నిజం. ఇనుము సుమారు 770 డిగ్రీల వేడికి చేరితే అయస్కాంతం దాన్ని లాగదు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దానితో పోల్చి చూస్తే ఇది ఎంత వేడో తెలుస్తుంది. థర్మామీటరు లేకున్నా అయస్కాంతం ఆ సంగతి చెబుతుంది.

అవ్వ ఇంకొంచెం సేపు అట్లే కాల్చింది. పక్కన ఒక లావు ఇనుప కడ్డీని కూడా ఎర్రగా కాల్చింది. ముందే ఒక గుంతలో పొడి బూడిద నింపి పెట్టింది. కత్తిని, కడ్డీని పక్కపక్కన బూడిదలో పూడ్చింది. పైన ఇంకా బూడిద కప్పింది.

"కడ్డీ ఏంటికి అవ్వా?"

"కత్తి పలచగా ఉండాది. బిరీన చల్లారుతాది. లావు కడ్డీ నిదానంగా చల్లారుతాది. అది పక్కన ఉంటే కత్తికి కూడా వేడి నిలుస్తాది. చలికి చంటిబిడ్డను తల్లి పక్కలో పండుకోబెట్టుకున్నట్ల" అంది అవ్వ.

బూడిద తడిగా ఉండకూడదు. తడి తగిలితే ఉక్కు గట్టిపడుతుంది. తెల్లారేవరకూ తవ్వి చూడకూడదు.

బూడిదలో ఏం జరుగుతుంది?

ఉక్కు అంటే ఒట్టి ఇనుము కాదు. ఇనుములో కొంచెం కార్బన్ కలిస్తే ఉక్కు అవుతుంది. బొగ్గులో ఎక్కువగా ఉండేది కార్బనే. మెత్తని ఇనుములో 100 కిలోలకు పావు కిలో దాకా కార్బన్ ఉంటుంది. స్ప్రింగులు, కొడవళ్ళు చేసే గట్టి ఉక్కులో 100 కిలోలకు అర కిలో నుంచి ఒక కిలో దాకా ఉంటుంది. ఆ కొంచెం తేడాతోనే గుణం మారిపోతుంది.

ఉక్కు బాగా కాలినప్పుడు కార్బన్ ఇనుములో కరిగి అంతటా కలిసిపోతుంది. నీళ్ళలో ముంచితే ఉక్కు ఒక్కసారిగా చల్లబడుతుంది. కార్బన్‌కు విడిపోయే సమయం దొరకదు. ఎక్కడిదక్కడ ఇరుక్కుపోతుంది. అందుకే ఉక్కు గట్టిపడుతుంది. పెళుసు కూడా అవుతుంది.

బూడిదలో నిదానంగా చల్లారితే కార్బన్‌కు సమయం దొరుకుతుంది. అది ఇనుము నుంచి విడిపోయి సర్దుకుంటుంది. ఉక్కు మెత్తబడుతుంది. రంపానికి లొంగుతుంది.

బెల్లం పాకం సంగతి ఆడవాళ్ళకు తెలుసు. ముదురు పాకం బొట్టును చల్లటి నీళ్ళలో వేస్తే గట్టిగా ఉండ కడుతుంది. గోడకు కొడితే టంగుమంటుంది. పాకమూ ఉక్కూ ఒకటి కాదు. కానీ చల్లార్చే తీరును బట్టి గుణం మారడం రెండింటిలోనూ ఉంది.

మన ఉక్కు కథ

ఆ రాత్రి ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా పెనుకొండ కొండ నల్లగా కనిపిస్తోంది.

"ఆ కోటలో రాజుల కత్తులు కూడా ఇట్లే చేసింటారా?" అని అత్త అడిగింది.

కోడలు తాను చదివింది చెప్పింది.

1565లో తళ్ళికోట యుద్ధం జరిగింది. అందులో విజయనగరం ఓడిపోయింది. తరువాత తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు. ఇక్కడ పెద్ద కోట, ఎన్నో గుళ్ళు ఉన్నాయి.

తెలంగాణలోని నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. వందల ఏళ్ళ కిందట అక్కడి పనివాళ్ళు గొప్ప ఉక్కు తయారు చేసేవాళ్ళు. మట్టి మూసలో ఇనుము పెట్టేవాళ్ళు. కొన్ని చోట్ల కార్బన్ చేరడానికి అందులో ఆకులు, కట్టె ముక్కల్లాంటివి వేసేవాళ్ళు. మూతను మట్టితో మూసేవాళ్ళు. గంటల తరబడి కాల్చేవాళ్ళు. తరువాత నిదానంగా చల్లార్చేవాళ్ళు.

ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. పర్షియా అంటే ఇప్పటి ఇరాన్. మన దేశపు ఉక్కుతో పడమటి దేశాల్లో కత్తులు చేసేవాళ్ళు. వాటిని డమాస్కస్ కత్తులు అన్నారు. వాటి మీద నీటి అలల్లాంటి గీతలు కనిపించేవి. ఇంగ్లీషువాళ్ళు మన ఉక్కును 'వూట్జ్' అన్నారు. ఆ మాట దక్షిణ దేశపు 'ఉక్కు' అనే మాట నుంచే వచ్చిందని పండితులు అంటారు.

"నిదానంగా చల్లార్చడం వాళ్ళకూ తెలుసన్నమాట" అంది అత్త.

"వాళ్ళ పక్కన కూడా కొలిమి ఊదే ఆడది ఉండే ఉంటాది" అంది అవ్వ. ముగ్గురూ నవ్వుకున్నారు.

కోత

తెల్లారింది. అవ్వ బూడిదను తవ్వింది. చేతిని దగ్గరగా పెట్టి చూసింది. వేడి లేదు. అప్పుడే కత్తిని తాకింది. ఇనుము నల్లగా ఉన్నంత మాత్రాన చల్లగా ఉన్నట్టు కాదు. నల్లటి ఇనుము కూడా చెయ్యి కాలుస్తుంది.

ఆకురాయితో రుద్దింది. ఈసారి ఆకురాయి కరిచింది. సన్నని పొడి రాలింది. కత్తి మెత్తబడింది!

కొడుకు కొత్త రంపం బ్లేడు తెచ్చాడు. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని చూపించింది.

"పళ్ళు ముందుకు చూడాల. పలచని ఇనుముకు సన్న పళ్ళ బ్లేడు పెట్టాల. పెద్ద పళ్ళదైతే పట్టుకుంటాది, పళ్ళు ఊడతాయి."

బ్లేడు మీద అంగుళానికి ఎన్ని పళ్ళో రాసి ఉంటుంది. అత్త చదివింది. "24."

కత్తిని రెండు చెక్కల మధ్య గట్టిగా బిగించారు. సుద్దగీత మీద రెండు చుక్కల నూనె వేశారు. కోడలు కోసింది. ముందుకు తోసేటప్పుడు ఒత్తి పట్టింది. వెనక్కి లాగేటప్పుడు వదులుగా లాగింది. తొందరపడలేదు. మగ్గం మీద పని చేసిన చెయ్యి కదా! ఒకే తూకంతో ఆడింది. చివరికి వచ్చేటప్పుడు ఒత్తడం తగ్గించింది. అత్త కింద ముక్కను పట్టుకుంది.

ముక్క విడిపోయింది. అంచు నున్నగా ఉంది. ఎక్కడా పెచ్చు లేవలేదు.

రెండో రాత్రి రెండో చోటును కాల్చారు. మూడో రాత్రి మూడో చోటును కాల్చారు. నాలుగో రోజుకు నాలుగు ముక్కలయ్యాయి.

మెత్తబడితే సరిపోతుందా?

సరిపోదు. మెత్తని తొలిక నేలకు తగిలితే మొద్దుబారిపోతుంది. అంచుకు మళ్ళీ గట్టిదనం కావాలి.

అవ్వ రెండు చిన్న ముక్కలను కాల్చింది. దాగలి మీద కొట్టి తొలిక ఆకారం తెచ్చింది. అంచును మళ్ళీ అయస్కాంతం అంటనంత ఎర్రగా కాల్చింది. ఈసారి బూడిదలో పెట్టలేదు. నూనెలో ముంచింది. నీళ్ళ కంటే నూనె కొంచెం నిదానంగా చల్లారుస్తుంది. పలచని ఉక్కుకు నెర్రెలు పడే భయం తగ్గుతుంది.

నూనె ఇనుప డబ్బాలో ఉంది. పక్కనే మూత, ఇసుక ఉన్నాయి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పోస్తే మంట ఎగురుతుంది. మూత పెట్టాలి. లేదా ఇసుక చల్లాలి.

ఇప్పుడు అంచు గట్టిగా ఉంది. కానీ పెళుసుగా ఉంది. రాయి తగిలితే విరుగుతుంది. అందుకే ఇంకో పని ఉంది. అవ్వ అంచును రుద్ది మెరిపించింది. తరువాత వెనక వైపు నుంచి సన్న సెగ చూపించింది. మెరిసే ఉక్కు మీద రంగులు పాకాయి. మొదట ఎండుగడ్డి రంగు. తరువాత గోధుమ రంగు. తరువాత వంకాయ రంగు. వంకాయ రంగు అంచుకు చేరగానే సెగ నుంచి తీసేసింది.

"ఎండుగడ్డి రంగులో ఆపితే గట్టిగా ఉంటాది. మంగలికత్తికి అది మంచిది. రాళ్ళ చేలో తిరిగే తొలికకు వంకాయ రంగు మేలు. రోంత గట్టిదనం పోతాది. కానీ విరగదు" అంది అవ్వ.

కత్తిపీట ముక్కకు ఈ పని అక్కరలేదు. దాని నడుమ భాగం మంటకు తగలలేదు. పాత గట్టిదనం అట్లే ఉంది. చివర మాత్రం మెత్తబడింది. ఆ మెత్తని చోట బెజ్జం వేసి పీటకు బిగించారు. నడుమ భాగాన్ని సానరాయి మీద నీళ్ళు చల్లుతూ నూరారు. నూరేటప్పుడు ఉక్కు నీలంగా మారితే వేడి ఎక్కువైనట్టు. అప్పుడు గట్టిదనం పోతుంది.

మళ్ళీ గోడ మీద

అత్త, కోడలు కొత్త తొలికలతో చేనికి పోయారు. రాయి తగిలినా తొలికలు విరగలేదు.

అవ్వకు కూలి ఎంత ఇవ్వాలని అత్త అడిగింది. అవ్వ తక్కువ చెప్పింది. అత్త ఒప్పుకోలేదు.

"మగ కమ్మరి అయితే ఎంత తీసుకుంటాడో అంత ఇస్తా. పని తక్కువ చేసినావా ఏమి?" అంది.

అత్త నోటు పుస్తకంలో లెక్క రాసింది. 'కమ్మరి' అని రాసి అవ్వ కూలి పక్కన వేసింది. 'కమ్మరాయన పెండ్లాం' అని రాయలేదు.

మిగిలిన ఆరు అంగుళాల ముక్క మసిబారి ఉంది. అత్త దాన్ని చింతపండుతో, బూడిదతో తోమింది. అక్షరాలు తేటగా కనిపించాయి. దాని అంచులు ఆకురాయితో నున్నగా చేశారు. కొయ్య పిడిని మళ్ళీ బిగించారు. గోడకు అదే మేకుకు తగిలించారు.

ఇంటికి ఎవరు వచ్చినా అత్త దాన్ని చూపిస్తుంది. చదివి వినిపిస్తుంది.

గుర్తుంచుకుందాం

1. ఎర్రగా కాల్చి గబుక్కున చల్లారిస్తే ఉక్కు గట్టిపడుతుంది. నిదానంగా చల్లారిస్తే మెత్తబడుతుంది.
2. పూత ఉన్న ఇనుమును ఇంట్లో కాల్చకూడదు. మూసిన గదిలో కొలిమి పెట్టకూడదు.
3. గట్టి ఉక్కును సుత్తితో కొట్టి విరవకూడదు. ముక్కలు ఎగిరి కళ్ళు పోతాయి.
4. కళ్ళకు అద్దాలు, ఒంటికి నూలు బట్టలు ఉండాలి.
5. పని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా మొదటిసారి చేయకూడదు.

ప్రమాదం జరిగితే

చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టాలి. ఐసు పెట్టకూడదు. ఇంకు, పేస్టు, పసుపు పూయకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి పోవాలి.

కంట్లో ఇనుప ముక్క గుచ్చుకుంటే కన్ను నలపకూడదు. ముక్కను లాగకూడదు. కంటి మీద ఒత్తిడి పడకుండా చూడాలి. వెంటనే ఆస్పత్రికి పోవాలి. అవసరమైతే 108కి ఫోను చేయాలి.

మాటలు – అర్థాలు

కొలిమి : ఇనుము కాల్చే పొయ్యి
దాగలి : కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె
సమ్మెట : పెద్ద సుత్తి
ఆకురాయి : ఇనుమును అరగదీసే పనిముట్టు
పెళుసు : వంగకుండా విరిగే గుణం
మూస : లోహం కరిగించే మట్టి పాత్ర

ఆలోచించి చెప్పండి

1. కొడుకు ఉక్కును నీళ్ళలో ఎందుకు ముంచాడు? అప్పుడు ఏం జరిగింది?
2. బూడిదలో కత్తి పక్కన లావు కడ్డీని ఎందుకు పెట్టారు?
3. అత్తకు చదవడం రాకపోతే కత్తి ఎక్కడ కోసేవాళ్ళు?
4. మీ ఊళ్ళో ఆడవాళ్ళు చేస్తున్నా మగవాళ్ళ పేరుతో పిలిచే పనులు ఏవి?

లెక్క చేద్దాం

ఒక ఇనుప పట్టీ 36 అంగుళాలు ఉంది. దాన్ని 6 అంగుళాల ముక్కలుగా కోయాలి. ఎన్ని ముక్కలు వస్తాయి? ఎన్ని కోతలు కోయాలి? ఒక కోతకు ఒక రాత్రి అయితే ఎన్ని రాత్రులు పడుతుంది?

రాయండి

మీ ఇంట్లో ఏ వస్తువు మీదనైనా పేరు గానీ, అక్షరాలు గానీ చెక్కి ఉన్నాయా? బిందె, చెంబు, పళ్ళెం తీసి చూడండి. అక్కడ ఉన్నది చదవండి. అది ఎవరు, ఎప్పుడు ఇచ్చారో ఐదు వాక్యాలు రాయండి.